ఊపు తీసేసిన రికార్డు

సౌండ్ రికార్డింగ్ నేర్చుకుంటామని ఇప్పటికీ పిల్లలు మా ఇంటికి వస్తుంటారు. కూర్చోగానే ఏ సాఫ్ట్‌వేర్ మంచిది మేడమ్ అంటారు. ఏ మైకు కొనమంటారు అంటారు. ఎలా వినాలి మేడమ్ అని ఇంతవరకు ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. అందుకే ఒళ్లు మండి ఇది రాస్తున్నాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. నచ్చకపోతే ఇక్కడే ఆపేయండి, నేనేమీ అనుకోను.

నా పేరు అప్పలనరసమ్మ. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు, వ్యవసాయం చేసుకునే కుటుంబం. విశాఖపట్నంలో ఒక రికార్డింగ్ కేంద్రంలో చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరయ్యాను. ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు అనే పురాణం ఇక్కడ విప్పను. చేరిన కొత్తలో నన్ను చూసి గదులు ఊడ్చడానికి వచ్చిన మనిషి అనుకున్నవాళ్లున్నారు. ఆ కోపం ఎప్పుడో చల్లారింది. ఇప్పుడు చెప్పబోయే కోపం మాత్రం చల్లారలేదు. చల్లారనివ్వను కూడా.

చేతులు వెనక్కి

నాకు పని నేర్పింది మా చీఫ్ ఇంజనీరు వేణుగోపాలరావు గారు. ఆయనది ఒకటే నియమం. రికార్డింగ్ అయ్యాక మొదటిసారి వినేటప్పుడు గదిలో ఉన్న ప్రతి ఇంజనీరూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. ఏ మీటా ముట్టుకోకూడదు. మొదటిసారి ఊరికే వినాలి, అంతే. దిద్దుబాట్లన్నీ రెండోసారి నుంచి.

"చెయ్యి ఊరుకోదమ్మా. దాన్ని కట్టేస్తే తప్ప చెవి పని మొదలెట్టదు," అనేవారు.

బయటివాళ్లకు మా వరస వింతగా ఉండేది. ఒకసారి ఒక గాయని గారు అద్దంలోంచి చూసి, "పాపం వీళ్లేం తప్పు చేశారండీ, అలా నిలబెట్టారు?" అని అడిగారు. మేము నవ్వుకున్నాం. కానీ ఆ అలవాటు నాకు ఒంటబట్టింది. ఇంట్లో రేడియోలో మంచి పాట వచ్చినా నా చేతులు వాటంతటవే వెనక్కి వెళ్లిపోతాయి.

ఆయన బదిలీ అయ్యాక ఇంకో అధికారి వచ్చాడు. పేరు చెప్పను, గౌరవం కూడా ఇవ్వను. అతనికి శుభ్రం పిచ్చి. జాలరిపేట నుంచి చేపలమ్ముకునే ఎల్లమ్మ అనే ఆవిడను పిలిచి వలలు లాగేటప్పటి పాట ఒకటి రికార్డు చేశాం. చక్కని గొంతు. చరణానికీ చరణానికీ మధ్య పెద్దగా ఊపిరి తీసుకునేది. ఇతను ఆ ఊపిరి శబ్దాలన్నీ టేపులోంచి కత్తిరించి అతికించమన్నాడు. వద్దు సార్ అన్నాను. చెప్పింది చెయ్యవమ్మా అన్నాడు. నేను చెయ్యనంటే ఇంకొకరితో చేయించాడు. పాట వినడానికి ఎల్లమ్మ గంప దించుకుని వచ్చింది. కాసేపు విని బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఓలమ్మో! ఇదేటి బాబూ, నాను ఊపిరి తియ్యనేదేటి? సచ్చిపోయినోలు పాడినట్టుంది," అంది.

అధికారి పగలబడి నవ్వాడు. ఆవిడ గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ పిలిస్తే రాలేదు. ఆవిడ రాకపోవడమే మంచిదని నాకనిపించింది.

ఇది ఏ రాగమండీ?

ముకుందరావు గారు ఉక్కు ఫ్యాక్టరీలో మోటార్లు చూసే ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషి. తల్లిగారు వీణ వాయించేవారు. కుర్రతనంలో విశాఖ పాత ఊళ్లో చర్చి ఆర్గాన్ వాయించే ఒక పెద్దాయన దగ్గర పాశ్చాత్య స్వరలిపి నేర్చుకున్నారు. ఉద్యోగం చేస్తూనే, ఇద్దరో ముగ్గురో ఒక గదిలో కూర్చుని వాయించుకునే చిన్న రచనలు రాస్తూ వచ్చారు. వాటిలో రాగం ఉండదు. వేళ్ల మీద లెక్కపెట్టుకునే తాళం ఉండదు. పల్లవి తిరిగి రాదు. మధ్యలో పొడుగాటి నిశ్శబ్దాలుంటాయి.

ఊళ్లో సభల్లో ఎప్పుడైనా వాయిస్తే, ఇది ఏ రాగమండీ అని అడిగేవారు. రాగం లేదు అంటే, పాపం ముసలాయన అన్నట్టు చూసి కాఫీకి వెళ్లిపోయేవారు. నాకు తిక్కరేగేది ఆ చూపుకే. నచ్చలేదని చెప్పు, తప్పులేదు. వినకుండా జాలిపడటం ఏమిటి? ఆయనకు ఎనభై దాటినా ఒక్క రచన కూడా రికార్డు కాలేదు. ఈ ఊళ్లో సెల్‌ఫోన్ రింగుల కోసం కూడా స్టూడియోలు బుక్ చేసుకున్నారు. ఆ మనిషి కోసం ఎవరూ చెయ్యలేదు.

ఆయన రచనల్లో 'పక్కపక్కన' అనేది వయొలిన్, క్లారినెట్, ఘటం కలిసి వాయించేది. నాకు అర్థమయ్యేలా ఆయనే చెప్పారు.

"ఫ్యాక్టరీలో రెండు పెద్ద ఫ్యాన్లు పక్కపక్కన తిరుగుతుంటాయి. రెండూ ఒకే వేగంతో తిరిగితే ఒకటే హోరు. వేగంలో వెంట్రుకవాసి తేడా వచ్చిందనుకోండి, ఆ హోరు ఊగుతుంది. పెరుగుతుంది, తగ్గుతుంది, పెరుగుతుంది. మావాళ్లు రిపేరుకు పరిగెత్తేవారు. నేను ఒక్క నిమిషం నిలబడి వినేవాణ్ణి."

"తర్వాత?"

"తర్వాత నేనూ రిపేరుకే వెళ్లేవాణ్ణి లెండి. జీతం తీసుకుంటున్నాను కదా!"

రచనంతా ఆ ఊపు మీదే నడుస్తుంది. వయొలిన్ ఒక స్వరం పట్టుకుని ఉంటుంది. క్లారినెట్ దానికి కాస్త కిందగా, రెండు స్వరాలని చెప్పలేనంత దగ్గరగా నిలబడుతుంది. రెంటి మధ్య ఊపు పుడుతుంది. ఎడం ఎక్కువైతే ఊపు వేగం, దగ్గరైతే నెమ్మది. ఘటం వాయించేవాడికి వేరే తాళమంటూ లేదు, ఆ ఊపు వింటూ దాని ప్రకారం వాయించాలి. చివరికి రెండు స్వరాలు దాదాపు కలిసిపోబోతూ టక్కున ఆగుతాయి. అప్పుడొచ్చే నిశ్శబ్దంలో ఘటం ఒక్కటే, చెవిలో మిగిలిన ఆ ఊపును నాలుగు దెబ్బల్లో వాయించి ఆపేస్తుంది. అంతే రచన.

బ్యాండు మేస్త్రీ కూతురు

ఆయన రచనలు వాయించడానికి ముగ్గురు పిల్లలు దొరికారు. వయొలిన్ పైడిరాజు, అనకాపల్లి దగ్గర చెరుకు పండించే ఇంటివాడు. ఘటం దేముడు, జాలరిపేట కుర్రాడు. క్లారినెట్ రెహానా, పాత ఊళ్లో పెళ్లి బ్యాండు నడిపే ముస్తఫా మేస్త్రి గారమ్మాయి.

ఊరేగింపుల్లో తండ్రి పక్కన నిలబడి క్లారినెట్ వాయిస్తూ పెరిగిన పిల్ల. డిగ్రీ చదివింది. పెద్ద ఊళ్లో ఒక సంగీత విద్యాలయంలో చేరాలని ఆశ. అక్కడ ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడుగుతారు. మా నాన్న దగ్గర, పెళ్లి బ్యాండులో అంటే కాగితం పక్కన పడేస్తారు. అందుకని మంచి రికార్డింగ్ ఒకటి పంపాలి. ఆ పిల్లకు 'పక్కపక్కన' రికార్డింగే సర్టిఫికెట్టు. ఇది మొదటి రోజే నాకు చెప్పింది.

నెలల తరబడి సాధన చేశారు. క్లారినెట్‌లో స్వరాన్ని అంత కొంచెం దించి కదలకుండా పట్టుకోవడమంటే పెదవి మీద ప్రాణం పెట్టుకోవాలి. ముస్తఫా గారు కూతుర్ని ఆటపట్టించేవారు.

"పది బాజాల్ని ఒక సుర్‌కి, ఒక శ్రుతికి లాగడానికి నాను పొద్దస్తమానం అరుత్తన్నాను. నువ్వేటే, ఇడిపోవడం నేర్సుకుంటన్నావ్!"

"ఇడిపోడం కాదు అబ్బాజాన్, పక్కన నిల్సోడం," అనేది రెహానా.

మొదట్లో దేముడికి ఊపు దొరికేది కాదు. ఒక రోజు దొరికింది. ఘటం పక్కన పెట్టి పైడిరాజు వీపు మీద చరిచాడు.

"బావా, ఇది కెరటమేరా! తీరం కాడ తెప్ప నెట్టినప్పుడు లెక్క సూసుకుంటాం సూడు, అదే. ఇంత పేద్ద కత సెప్పి భయపెట్టీసినారు గానీ."

రికార్డింగు

ఒక కళాసంఘం ఖర్చు పెట్టుకుంటామని ముందుకొచ్చింది. దాని కార్యదర్శి రామ్‌ప్రసాద్ గారు ఇస్త్రీ మడత నలగని మనిషి. ముకుందరావు గారు అడిగారు కాబట్టి రిటైరైన దాన్ని మళ్లీ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. సంఘం ఒక ప్రైవేటు స్టూడియో మాట్లాడింది. రికార్డింగ్ సంఘం ఆస్తి, కాపీ ఎవరూ ఉంచుకోకూడదని షరతు పెట్టారు. సరే అన్నాను. అన్న మాట మీద నిలబడ్డాను కూడా.

ఎండాకాలం. ఏసీ హోరు మైకులో పడుతుందని ఆపేశాం. అందరం చెమటలో తడిసిపోయాం. కార్యదర్శి గారు కొబ్బరికాయ కొట్టి, లోపలికి తొంగిచూసి, మొదటి ప్రశ్న వేశారు.

"శ్రుతి బాక్స్ ఎక్కడండీ?"

"లేదండీ. ఈ రచనకు అక్కర్లేదు."

"శ్రుతి లేకుండా సంగీతం ఏమిటి మేడమ్? వినేవాళ్లు ఏమనుకుంటారు?"

"శ్రుతి పెడితే వయొలిన్‌కూ క్లారినెట్‌కూ మధ్య మూడోది దూరుతుందండీ. వాళ్లిద్దరి ఊపు వినపడదు," అన్నారు ముకుందరావు గారు, చాలా మర్యాదగా.

కార్యదర్శి గారు తలూపారు. ఈ తలూపడం ఉంది చూశారూ, నా సర్వీసులో నన్ను మోసం చేసినవన్నీ ఇలాంటి తలూపులే. ఎదురు చెప్పేవాడితో వాదించి గెలవచ్చు, లేదా ఓడిపోవచ్చు. తలూపినవాడు ఇంటికెళ్లి ఏం చేస్తాడో మనకు తెలియదు.

పిల్లలు బ్రహ్మాండంగా వాయించారు. ఈ మాట నేను ఊరికే అనను. చివరి నిశ్శబ్దంలో దేముడి నాలుగు దెబ్బలు పడ్డాక ఎవరూ కదల్లేదు. తర్వాత అందరం లోపలి గదిలో చేరి విన్నాం. నేను చేతులు వెనక్కి కట్టుకుంటే పిల్లలు నన్ను చూసి కట్టుకున్నారు. స్టూడియో ఇంజనీరు కిశోర్ మాత్రం కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ముకుందరావు గారు కళ్లు మూసుకుని విని, "ఇదే," అన్నారు.

వెళ్లే ముందు కార్యదర్శి గారికి, కిశోర్‌కు ఎదురెదురుగా చెప్పాను. శబ్దం హెచ్చుతగ్గులు కాస్త సరిచెయ్యండి, అంతకు మించి వేలు పెట్టొద్దు అని. అలాగే మేడమ్, మీరు చెప్పాక తిరుగేముంది అన్నారు. రెహానా దరఖాస్తుకు రికార్డింగ్‌ను సంఘమే నేరుగా పంపుతుందని కూడా మాటిచ్చారు. పిల్ల సంబరపడిపోయింది.

ఎవరమ్మా వీళ్లు?

ఆవిష్కరణ సభ ఘనంగా పెట్టారు. పెద్దలందరూ వేదిక మీద, ముగ్గురు పిల్లలు వాళ్ల వెనక. ముకుందరావు గారికి శాలువా కప్పి, ముందు వరసలో నా పక్కన కూర్చోబెట్టారు. ఉపన్యాసాలయ్యాక 'పక్కపక్కన' వినిపించారు.

మొదట శ్రుతి బాక్స్ వచ్చింది. ఆ మీద వయొలిన్, క్లారినెట్ వచ్చాయి, రెండూ ఒకే స్వరంలో, కత్తిపీట మీద పెట్టి సమానంగా తరిగినట్టు. ఊపు లేదు. ఊపు లేకపోతే దేముడు వాయించింది దేనికి? ఘటం దెబ్బలు అతికినట్టు లేవని వాటినీ జరిపి ఒక గడియారం లెక్కలో కూర్చోబెట్టారు. ఇక చివరి నిశ్శబ్దం. అక్కడ ఏం పెట్టారో తెలుసా? సముద్రపు అలల శబ్దం! వైజాగ్ కదా అని! ఎక్కడో దొరికిన రెడీమేడ్ అలలు. సముద్రం పక్కన పుట్టిన కుర్రాడి చేతి దెబ్బలు తీసేసి, బజార్లో దొరికే సముద్రాన్ని పోశారు.

ముకుందరావు గారు నా వైపు వంగారు.

"ఎవరమ్మా వీళ్లు? శుభ్రంగా వాయిస్తున్నారు. మన పిల్లలది ఎప్పుడు వేస్తారు?"

"ఇదే సార్ మనది," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. శాలువా తీసి, నెమ్మదిగా మడిచి, కుర్చీలో పెట్టి, కర్ర పట్టుకుని హాల్లోంచి నడుచుకుంటూ వెళ్లిపోయారు. పెద్దాయనకు ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారు జనం. చప్పట్లు కొట్టారు.

యువ కళాకారిణి రెండు మాటలు చెబుతుందని రెహానాకు మైకిచ్చారు. ఆ పిల్ల ముఖం ఎర్రబడిపోయింది.

"నాను వాయించింది ఇది కాదండి," అంది.

కార్యదర్శి గారు నవ్వుతూ మైకు అందుకున్నారు. "చూశారా వినయం! తను ఇంత బాగా వాయించానని తనకే నమ్మకం కలగడం లేదు!" హాలంతా నవ్వింది. నేను లేచి అరిచాను. ఏం అరిచానో గుర్తు లేదు. గుర్తున్నా ఇక్కడ రాయదగ్గది కాదు. ఇద్దరు వాలంటీర్లు వచ్చి, రండి మేడమ్ మంచినీళ్లు తాగుదురుగాని అని నన్ను బయటికి తీసుకెళ్లారు.

తెర మీద ఎర్రగా

మర్నాడు పొద్దున్నే స్టూడియోకు వెళ్లాను. నన్ను చూసి కిశోర్ లేచి నిలబడ్డాడు, నవ్వుతూ.

"మేడమ్, మీరే థాంక్స్ చెప్తారనుకున్నాను. రెండు రోజులు కష్టపడ్డాను. క్లారినెట్ మొత్తం శ్రుతి తప్పింది. సాఫ్ట్‌వేర్ తెర మీద మొదట్నుంచి చివరిదాకా ఎర్రగానే చూపించింది. పాపం, పెళ్లి బ్యాండు పిల్ల కదా. పరువు పోతుందని మొత్తం సరిచేశాను."

వెటకారం కాదు. నిజంగానే మేలు చేశాననుకుంటున్నాడు. దుర్మార్గుడైతే నాలుగు తిట్టి వచ్చేదాన్ని.

"ఒక్క ఫోన్ చెయ్యడానికి ఏమైంది బాబూ?"

"మీకు తెలీకుండా ఉంటుందా అనుకున్నాను. రామ్‌ప్రసాద్ గారు కూడా కానివ్వండి అన్నారు."

"మొదటి నుంచి చివరిదాకా ఎర్రగా ఉందన్నావు. తప్పు వాయించేవాడు ఒకసారి పైకి పోతాడు, ఒకసారి కిందికి పోతాడు. ఇంతసేపూ కిందవైపే నిలబడిందంటే, కావాలని నిలబడిందేమో అని అనుమానమైనా రాలేదా?"

తల దించుకున్నాడు. ఆ ఆలోచన అప్పుడే మొదటిసారి లోపలికి దిగిందని ముఖం చూస్తే తెలిసింది.

"సరే. అసలు రికార్డింగ్ ఇవ్వు. సంఘంతో నేను మాట్లాడతాను."

"లేదు మేడమ్. తీసేశాం. ఎన్నికల ప్రచారం పాటలొచ్చాయి, డిస్కులో జాగా లేదు."

నేను అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. ఎనభై ఏళ్ల మనిషి జీవితంలో మొదటి రికార్డింగు. ముగ్గురు పిల్లల నెలల సాధన. ఎవడికో ఓటు వెయ్యండి అనే పాట కోసం చెరిపేశారు. కాపీ ఉంచుకోవద్దన్న పెద్దమనుషులు తాము కూడా ఉంచుకోలేదు. సంఘానికి ఫోన్ చేస్తే, ఫైనల్ వెర్షన్ ఉంది కదా మేడమ్, ఇంకా పాతది దేనికి అన్నారు రామ్‌ప్రసాద్ గారు. ఆల్బమ్ మీద నా పేరు తీసెయ్యమన్నాను. అది మాత్రం వెంటనే చేశారు.

పనిలోకి వచ్చే పిల్లలూ, ఇక్కడ ఆగి చెప్తాను. తప్పులు నేను చాలా చూశాను. మైకు తీగ తెగడం, టేపు చుట్టుకుపోవడం, అవన్నీ పనిలో జరిగేవే. ఇది అలాంటిది కాదు. ఇందులో పని రానివాళ్లు ఎవరూ లేరు. కిశోర్ చేతి పని నాకంటే మెరుగు. అడగడానికి నామోషీ, వినడానికి ఓపిక లేకపోవడం, అంతే. మనకు కొత్తగా వినపడింది తప్పే అయ్యుంటుందన్న ధీమా ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

శ్రుతి బాక్స్ పక్కన

అసలు దెబ్బ తర్వాత తగిలింది. సంఘం మాట తప్పలేదు మరి, రెహానా దరఖాస్తుకు ఆ దిద్దిన రికార్డింగ్‌నే సభకు ముందే పంపేసింది. విద్యాలయం వాళ్లు మెచ్చుకుని ఇంటర్వ్యూకి పిలిచారు. వెళ్లనంది పిల్ల. "ఎల్లి నీది వాయించేసి రా," అన్నారు ముస్తఫా గారు.

లోపల పెద్దలు ఆ రికార్డు వేసి, బాగా వాయించావమ్మా, ఇదే భాగం మా ముందు వాయించు అన్నారట. శ్రుతి బాక్స్ పెట్టారట. రెహానా ఆ శ్రుతి పక్కన, ముకుందరావు గారు రాసినంత ఎడంలో నిలబడి వాయించింది. శ్రుతి బాక్సుకూ క్లారినెట్‌కూ మధ్య ఊపు మొదలైంది. ఒకాయన చెయ్యెత్తి ఆపేశాడు.

"రికార్డులో అంత చక్కగా ఉంది. ఇక్కడేమైందమ్మా? భయపడ్డావా?"

"అందులో వాయించింది నాను కాదండి," అంది రెహానా.

ఇంకేముంది. వేరేవాళ్ల రికార్డు పంపిందనుకున్నారు. సీటు ఇవ్వలేదు. తిరిగొచ్చి మా ఇంట్లో నేల మీద కూర్చుని, "మేడం, ఆ ఆల్బమ్‌లో ఉన్న పిల్ల నాకన్నా బాగా వాయిత్తదంట. దాంతో నాను పోటీ పడాలంట," అని ఏడ్చింది. పక్కన కూర్చున్నాను. నాకూ ఏడుపొచ్చింది. తర్వాత కోపం వచ్చింది. ఆ పిల్ల పేరు పెట్టి, ఆ పిల్ల ఊదని స్వరం అచ్చేసి, దాన్నే తెచ్చి ఆ పిల్ల మీద సాక్ష్యం చెప్పించారు కదా!

బ్యాండు గదిలో

మళ్లీ రికార్డు చేద్దాం అన్నాను. ఎక్కడ అన్నారు పిల్లలు. ముస్తఫా గారు తన బ్యాండు గది చూపించారు. పాత ఊరి సందులో పొడుగాటి గది. గోడలకు వరసగా బ్యాండు కోట్లు, ఎర్రవి, జరీ పట్టీలతో, మందపాటివి. చప్పట్లు కొట్టి చూశాను. ఆ కోట్లు గదిలో మోతనంతా తాగేస్తున్నాయి. అంత మంచి గది ఈ ఊళ్లో డబ్బు పోసి కట్టినవాళ్లకు కూడా లేదు. సందులో వాళ్లందరికీ ముస్తఫా గారు ముందే చెప్పి ఉంచారు. ఎదురు దుకాణం ఆయన గ్రైండర్ ఆపేశాడు.

మైకులు దింపుతుంటే కిశోర్ వచ్చాడు. నేను పిలవలేదు. పైడిరాజు పిలిచాడట.

"ఏటి బావా, సూత్తూ నిల్సున్నావ్? ఆ స్టాండట్టుకో," అన్నాడు పైడిరాజు. కిశోర్ పట్టుకున్నాడు. రోజంతా తీగలు మోశాడు.

ముకుందరావు గారు ఆటోలో వచ్చి కోట్ల మధ్య కుర్చీలో కూర్చున్నారు. పిల్లలు వాయించారు. మొదటిసారి కంటే ఊపు నెమ్మదిగా, పట్టుగా వచ్చింది. వాయించడం అయ్యాక అందరం విన్నాం. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను, పిల్లలు కట్టుకున్నారు. కిశోర్ ఒకసారి ల్యాప్‌టాప్ వైపు చూసి, తనూ కట్టుకున్నాడు. రెండు స్వరాలు దగ్గరవుతూ, దగ్గరవుతూ ఆగిపోయాయి. నిశ్శబ్దం. దేముడి నాలుగు దెబ్బలు.

"ఆఁ. వీళ్లు నాకు తెలుసు," అన్నారు ముకుందరావు గారు.

కాసేపాగి కిశోర్ నా దగ్గరికి వచ్చాడు. "మేడమ్, ఇది కూడా తెర మీద ఎర్రగానే ఉంటుంది కదా?"

"ఉంటుంది."

"మరి..."

"ఉండనీ బాబూ. పోయి ఆ మాట వాళ్లకు చెప్పు, నాకు కాదు."

వెళ్లి రెహానాకు చెప్పాడు. ఏం చెప్పాడో నేను వినలేదు. ఆ పిల్ల టీ గ్లాసు అతని వైపు జరిపింది. నేనైతే అంత తొందరగా జరిపేదాన్ని కాదు.

ఈ రికార్డింగ్ ఇంటర్నెట్‌లో పెట్టాం. వినేవాళ్లు కొద్దిమంది. కింద ఎవరో, పాత ఆల్బమ్‌లోనే బాగుంది, ఇందులో శ్రుతి పోయింది అని రాశారు. పాత ఆల్బమ్ ఇప్పటికీ ఊళ్లో సభలకు ముందు వేస్తుంటారు, ఆ బజారు అలలతో సహా. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఈ ఏడు రెహానా మళ్లీ దరఖాస్తు పెట్టింది, బ్యాండు గది రికార్డింగ్ జతచేసి. మొన్ననే ఇంటర్వ్యూ అయింది. ఫలితం ఇంకా రాలేదు. బయటికి రాగానే నాకు ఫోన్ చేసింది. అప్పుడు చెయ్యెత్తి ఆపిన పెద్దమనిషే ఈసారీ ఉన్నాడట. రికార్డు సగంలో ఆపి, ఇక్కడ వయొలిన్‌కీ నీకూ తేడా ఉన్నట్టుందే అమ్మా అన్నాడట.

"నువ్వేమన్నావే?" అన్నాను.

"ఉందండి, అది నానే వాయించాను, అన్నాను మేడం."